టీవీలో నేను చచ్చిపోయిన రోజు

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం నేను చచ్చిపోయాను. టీవీలో లెండి! హైదరాబాదులో ఉండే మా మేనమామ పుణ్యమా అని, వారం వారం వచ్చే ఒక సీరియల్‌లో నాకు వాగుడుకాయ కూతురి వేషం దొరికింది. సెలవుల్లో షూటింగు, మిగతా రోజులు రాయచూరులో బడి. మా గల్లీలో నేను మహారాణిని. కిరాణా కొట్టు సేటు అడక్కుండానే చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. గర్వం ఉండేదా అంటే, బోలెడంత ఉండేది.

ఒక వేసవిలో నేను తాడిచెట్టులా సాగిపోయాను. గౌన్లు మోకాళ్ళ పైకి వచ్చేశాయి. డైరెక్టరు నన్ను ఎగాదిగా చూసి, మామను పక్కకు పిలిచి ఏదో మాట్లాడాడు. మర్నాడే నా పాత్రకు జ్వరం వచ్చింది. మంచం మీద పడుకోబెట్టి ఊపిరి బిగబట్టమన్నారు. అంతే, నా పని అయిపోయింది.

ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. ఆ భాగం వచ్చే రోజు రానే వచ్చింది. అందరూ చూశారంటే రేపటి నుంచి నేనెవరికీ ఏమీ కానని భయం. టీవీ పెట్టొద్దని మా నాయనమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తూ సంగతంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చడమా! చెప్పులేసుకుని ఇంటింటికీ వెళ్ళి, ఆడవాళ్ళందరినీ టీవీ చూడ్డానికి పిలుచుకొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి వంటింటి తలుపు చాటున కూర్చున్నాను.

టీవీలో నా కళ్ళు మూతపడగానే ఒకావిడ ముక్కు చీదింది. ఇక ఆగుతారా! అందరూ రాగాలు తీశారు. "బంగారమసొంటి పిల్ల, అయ్యో!" అని అందరికంటే గట్టిగా ఏడ్చింది మా నాయనమ్మే. నేను వంటింట్లో నిక్షేపంలా ఉన్నానని తెలిసీ ఆ ఏడుపేమిటో!

కాసేపటికి ఆవిడే టీవీ కట్టేసి, నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చి అందరి మధ్యా కూర్చోబెట్టింది.

"కాకి తలమీద తంతె ఏం జేస్తం? సచ్చిపోయిండని చుట్టాలకు ఝూటా కబురు పంపుతం. ఆళ్ళు ఏడిస్తె గండం పోతది. దీని కోసం గల్లీ అంత ఏడ్సింది. ఇంగ దీనికేం కాదు" అంది.

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే పడీ పడీ నవ్వారు. పక్కింటి కన్నడ అవ్వ "నూరు వర్ష బాళవ్వ" అని నెత్తిన చేయి పెట్టి, నూరేళ్ళు బతకమని దీవించింది. అందరూ వెళ్ళాక నాయనమ్మ నా ముఖం కడిగింది.

"టీవీల పిల్ల పోయింది. దాని కోసం ఏడ్సుడు గూడ అయిపాయె. నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గద, బువ్వ తిను."

తిన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ పూట రోజూ కంటే ఎక్కువే తిన్నాను. మర్నాడు బడిలో ఒకడు "దయ్యమొచ్చింది" అంటే, "మీ అమ్మ నిన్న నా కోసం ఏడ్సింది, పోయి అడుగు పో" అన్నాను.

తర్వాత నన్నెవరూ వేషాలకు పిలవలేదు. చదువుకుని రాయచూరు దగ్గరి గబ్బూరు బడిలో టీచరునయ్యాను. నా పాఠం వెనక వరుస దాకా ఖంగుమని వినబడేది. మొన్నొక యూట్యూబ్ అబ్బాయి కెమెరా పట్టుకొచ్చి, "అంత పేరు చిన్నప్పుడే పోయింది గద మేడమ్, ఎట్ల తట్టుకున్నరు?" అని జాలిగా అడిగాడు. "ఏడ్సనీకి ఆలస్యంగ వచ్చినవ్ నాయనా, ఆ పని మా గల్లీవోళ్ళు ఎప్పుడో జేసిండ్రు" అన్నాను.

పేరు పోవడం ఒక లెక్కా! మా ఆయన పోయిన రోజున కూడా నేను తలుపులు మూసుకోలేదు. వచ్చినవాళ్ళందరి మధ్యా కూర్చుని గొంతు పోయేదాకా ఏడ్చాను. ఆ తర్వాత లేచి ముఖం కడుక్కుని, ఇద్దరు పిల్లలకూ నా చేత్తో బువ్వ తినిపించాను. పోయినవాళ్ళ కోసం కరువుతీరా ఏడవాలి. ఇంట్లో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ పూట అన్నం తప్పకూడదు.