వాల్వు మీద ఓబులమ్మ చెయ్యి

2004 జూన్‌లో నన్ను డెప్యుటేషన్ మీద అనంతపురం టౌనులోని ఒక విజ్ఞాన మందిరానికి పంపినారు. అప్పుడు నేను మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్‌ని. క్లుప్తంగా ఎఫ్.డి.ఓ. అంటారు. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, మత్స్యకారుల సొసైటీల పనులు చూడడం, వలల సబ్సిడీ కాగితాలు పైకి పంపడం ఎఫ్.డి.ఓ. ఉద్యోగం. ఇవన్నీ చేయాలంటే ముందు చెరువులో నీళ్లుండాలి కదా! వరసగా వానలు ఎగ్గొట్టి, బుక్కరాయసముద్రం చెరువు లాంటి చెరువులోనే గొర్రెలు మేస్తాండె. మా నాయన నల్లమాడలో వేరుశనగ రైతు. నేను ఊరికి పోయినప్పుడల్లా, "ఏమ్మా ఆఫీసరమ్మా, ఈ పొద్దు ఇసకలో ఏం చేప పట్టినావు?" అని నలుగురిలో ఏడిపించేవాడు. అందుకే సముద్రపు చేపల తొట్టి చూసుకోవడానికి పోతారా అని పై ఆఫీసరు అడిగినప్పుడు మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. నీళ్లున్న చోట పని దొరకడమే అప్పుడు నాకు గొప్ప.

ఆ మందిరాన్ని ఒక ట్రస్టు నడుపుతాండేది. దాని సెక్రటరీ రామసుబ్బయ్య గారు రిటైరైన హెడ్మాస్టరు. మాట నిదానం, నిర్ణయం మాత్రం గట్టి. ఎవరో దాత ఆరడుగుల గాజు తొట్టి ఇస్తే, సముద్రం ముఖం చూడని మన పిల్లకాయలకు సముద్రం చూపిద్దామని ఆయన పట్టుబట్టినారు.

ఇట్లాంటి తొట్టిని మా వృత్తిలో రీఫ్ అక్వేరియం అంటారు. రీఫ్ అంటే సముద్రంలోని పగడపు దిబ్బ. పగడాలు పట్టుకురావడం చట్టం ఒప్పుకోదు కాబట్టి సున్నపురాళ్లు, సిమెంటు పేర్చి దిబ్బ కట్టించినాము. దాని మీద ఒక సముద్రపు ఎనిమోన్. అది చూపుకు పువ్వు, నిజానికి జంతువు. వేళ్ల లాంటి దాని కొసలకు విషముంటుంది, తాకిన చిన్న చేప బతకదు. క్లౌన్ చేప ఒంటి జిగురు ఎట్లాంటిదో గాని దాన్ని మాత్రం ఆ విషం ఏమీ చేయదు. అందుకని ఆ వేళ్ల మధ్యనే కాపురముంటుంది. మా తొట్టికి చేపపిల్లలు పుట్టించే హేచరీ నుంచి ఒక క్లౌన్ జంటను తెప్పించినాము. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు, వేలెడు పొడవు.

టౌను నీళ్లను ఫిల్టరు మిషన్లో వడగట్టి, డ్రమ్ములో సముద్రపు ఉప్పు పొడి కలిపి, హైడ్రోమీటరు తేల్చి చిక్కదనం చూసుకుని తొట్టికి పోసేవాళ్లం. మన ఎండుగాలికి తొట్టిలో నీళ్లు రోజూ ఇగిరిపోతాయి, ఉప్పు మాత్రం ఇగరదు. కాబట్టి తగ్గిన మేరకు మామూలు నీళ్లే పోయాలి. చూసేదానికి వచ్చినోళ్లలో సగం మంది వేలు ముంచి నాకి, "అవునప్పా, ఉప్పగానే ఉండాది!" అని పక్కవాళ్లకు సాక్ష్యం చెప్పేవాళ్లు. చేతులు పెట్టొద్దని బోర్డు రాయించినాను. బోర్డు చదివి మరీ ముంచినారు.

ఆ తొట్టికి అటెండరు ఓబులమ్మ. కుందుర్పి దగ్గరి పల్లె ఆమెది. దినకూలీ లెక్కన పెట్టుకునే వాళ్లను ఎన్.ఎం.ఆర్. అంటారు, ఆమె ఆ కింద చేరింది. మొగుడు బెంగళూరులో కట్టడం పనికి పోయినాడు. కూతురు టౌనులోనే పదో తరగతి చదువుతాండేది. గది ఊడ్చడం, నీళ్లు పోయడం, మేత వేయడం, మోటారు గమనించడం ఆమె పనులు. నోరు భలే పదును. క్లౌన్ జంటలో పెద్దది ఆడది, అధికారం దానిదే అని నేను చెబితే, "మా ఇంట్లో గూడా అంతే మేడమ్, కాకపోతే మా ఇంటాయన ఒప్పుకోడు" అనింది. ఆమె ఉన్న చోట నవ్వకుండా పని చేయడం కష్టం.

రెండో నెలలో, చేపల్ని, ఎనిమోన్‌ను వదిలిన కొద్దిరోజులకే కష్టం మొదలయింది. ఎనిమోన్ పువ్వులాగ విప్పుకోకుండా పిడికిలి మాదిరి ముడుచుకుంది. చేపలు రెండూ దాన్ని వదిలి, తొట్టి మూలలో పైపు వెనక నక్కి, రెక్కలు కొట్టుకుంటూ ఉండిపోయినాయి. ఆడచేప మేత ముట్టడం మానేసింది. ఉప్పు చూసినాను, వేడి చూసినాను, అమ్మోనియా పరీక్ష చేసినాను. అన్నీ సరిగ్గానే ఉండాయి. ఇంక మిగిలింది నీటి వేగమే.

దీని సంగతి కొంచెం చెప్పాలి. తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి ఉంటుంది, దాన్ని సంపు అంటాము. సంపులోని మోటారు నీళ్లను పైపులో పైకి తోస్తుంది. పైతొట్టి నిండి, మూలలోని రంధ్రం గుండా నీళ్లు మళ్లీ సంపులోకి దిగుతాయి. ఈ తిరుగుడు తగ్గిపోతే చేపల మలినం అడుగున పేరుకుంటుంది, ప్రాణవాయువు చాలదు, ఎనిమోన్ కుళ్లిపోతుంది. వేగం ఎక్కువైతే క్లౌన్ తట్టుకోలేదు. అది గట్టి ఈతగత్తె కాదు. పక్క రెక్కలు తెడ్ల మాదిరి ఆడిస్తూ జానెడు జాగాలో బతికే జీవం. దూకుడు నీళ్లలో దాని బతుకు పొద్దస్తమానం ఎదురుగాలికి సైకిలు తొక్కినట్టే. వేగం సరిపోయిందా లేదా అని చెప్పే మీటరు మా దగ్గర లేదు. ఎనిమోన్ వేళ్లు గాలికి జొన్నచేను ఊగినట్టు మెల్లగా ఊగితే సరిపోయినట్టు.

సాయంత్రం సందర్శకులు పోయి, ఓబులమ్మ గూడా ఇంటికి పోయినాక, అప్పటిదాకా పూర్తిగా తెరిచి ఉన్న గేట్ వాల్వును, అంటే పైపు మీద నీళ్లు తగ్గించే మరను, సగానికి మూసినాను. కాసేపటికి చేపలు మూల వదిలి బయటికి వచ్చినాయి. హమ్మయ్య అనుకుని ఇంటికి పోయినాను. మర్నాడు వచ్చి చూస్తే నీళ్లు మళ్లీ దబదబా దుముకుతాండాయి, చేపలు మళ్లీ మూలలో ఉండాయి. మా టౌన్లో కరెంటు ఓల్టేజీ ఒక పూటకున్నట్టు ఇంకో పూటకుండదు కాబట్టి దాని మీద అనుమానపడినాను. స్టెబిలైజరు పెట్టించినాను. మళ్లీ సాయంత్రం తగ్గించినాను, పొద్దున్నే మళ్లీ అదే దూకుడు. వాల్వు మర వదులయిందేమోనని కొత్తది బిగించినాను. ఊహూ, అదే వరస.

ఈలోపల రామసుబ్బయ్య గారు నన్ను పిలిచి ఉన్న మాట చెప్పినారు. దసరా అయినాక ట్రస్టు కమిటీ కూర్చుంటుంది. తొట్టి గది ఏసీకి, మోటారుకు అయ్యే కరెంటు చూసి మెంబర్లు సణుగుతాండారు. ఈ చేపలు ఇక్కడ బతకవని తేలితే తొట్టిలో మంచినీళ్లు పోసి గోల్డ్‌ఫిష్ వేసేస్తారు. గోల్డ్‌ఫిష్‌కు మేత చల్లేదానికి వాచ్‌మన్ చాలు, వేరే అటెండరు అక్కరలేదు. ఆయన కమిటీ దాకా నాకు గడువిచ్చినారు, తొందరపెట్టలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఈ మాట ఓబులమ్మ చెవిన పడింది. నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది. "మేడమ్, ఈ పని పోతే మేము గూడా బెంగళూరుకు మూట గట్టాల్సిందే. ఆడ నా కూతుర్ని ఇస్కూల్లో ఎవురు చేర్చుకుంటారు, నడిమధ్యలో? ఈ చేపలు సచ్చినాయంటే పాపకు సదువు ఆడికే సరి. ఏం జేస్తావో జెయ్" అనింది.

తర్వాత ఒక పొద్దు నేను మామూలు కంటే ముందే పోయినాను. గది తలుపు తీసే ఉంది. ఓబులమ్మ తొట్టి ముందర నిలబడి, పైపు మూతి తట్టు చూస్తూ, చేత్తో వాల్వు తిప్పుతాంది.

"ఏం జేస్తాండావు ఓబులమ్మా?" అన్నాను.

ఆమె ఏ మాత్రం తడబడలేదు. "నీళ్లు సన్నగా వస్తాండాయి మేడమ్. ఇంత తిప్పితే సరిపాయె" అనింది.

"రోజూ తిప్పుతాండావా?"

"తిప్పకుండా ఎట్లుంటాను? పొద్దున వచ్చి చూస్తే సన్నబడిపోయి ఉంటాది. నాకు గుండె గుబేలంటాది. నువ్వొచ్చేలోపల సరిజేసి పెడతాండా."

నాకు కోపం ముక్కు మీదుంటుంది, అది ఆఫీసంతా ఎరిగిన సంగతి. అయితే ఆమె ముఖంలో పని చెడగొట్టిన మనిషి బెదురు లేదు. చేపల్ని తానే కాపాడుతాండానన్న నమ్మకం ఉంది. సన్నబడితే గుండె గుబేలనడం ఎందుకని అడిగినాను.

అప్పుడు చెప్పింది. వాళ్ల చేన్లో బోరు పడిన రోజు పైపు నిండా నీళ్లు దుమికితే ఊరంతా వచ్చి చూసినారంట. టెంకాయ కొట్టినారంట. "ఆమీద చెయ్యంత లావు వచ్చె. ఆమీద వేలంత. ఒకనాడు మోటారేస్తే ఉత్త గాలొచ్చె మేడమ్, బుస్సుమని. ఇంకా రెండు తావుల వేపిచ్చినాం, దుమ్మే. నీళ్లు సన్నబడినాయంటే మాకు అయిపోయినట్టే. చూస్తా చూస్తా యాడ నిలబడేది?"

నేను కూడా ఈ జిల్లాలో పుట్టినదాన్నే. మా నాయన బోరు ముందర అట్లే నిలబడింది చిన్నప్పుడు చూసినాను. సన్నగా పారే నీళ్లు మంచివని మా తట్టు ఏ మనిషితోనూ అనిపించలేము. వేరే జిల్లాలో ఏ అటెండరూ ఆ వాల్వు జోలికి పోయి ఉండదు. నేను వాల్వు ఎంత మూసినా, ఎవరో ఒకరి చెయ్యి దాన్ని తెరుస్తుందని అప్పుడు అర్థమయింది.

చేతులు మోచేతుల దాకా మంచినీళ్లతో కడుక్కోమని, తొట్టిలో పైపు మూతికి ఎదురుగా అరచెయ్యి పెట్టమన్నాను. పెట్టింది. "ఈ తోపుడుకు ఆ వేలెడు చేప ఎదురు నిలబడాల, పొద్దున్నుంచి సాయంత్రం దాకా" అన్నాను. ఆమె చెయ్యి తీయకుండానే, "అయ్యో నా తల్లీ" అనింది, నాతో కాదు, ఆడచేపతో. ఆమీద నా తట్టు తిరిగి, "మేం గూడా పైపు మూతి కింద బండ ఏస్తాం మేడమ్, లేకుంటే మడి కోసకపోతాది. నీళ్లేమీ తగ్గియ్యం, బండ మీద పడి పర్సుకుంటాయి" అనింది.

తొట్టిలో బండ కుదరదు. అయితే ఆమె మాటతో నాకు ట్రైనింగులో చూసిన ఒక పద్ధతి గుర్తుకొచ్చింది. స్ప్రే బార్ అంటారు. నీళ్లు ఒకే మూతి గుండా రాకుండా, పొడుగాటి పైపుకు వరసగా తూట్లు పొడిచి అన్నిటి గుండా కొంచెం కొంచెం వచ్చేటట్టు చేయడం. వచ్చే నీళ్లు అవే, దూకుడు మాత్రం విరుగుతుంది. టవర్ క్లాక్ కాడ మోటారు సామాన్ల అంగట్లో పీవీసీ పైపు, మూత కొన్నాము. ఓబులమ్మ మేకు కాల్చి ఇస్తే నేను తూట్లు పొడిచినాను. నా తూట్లు వంకరపోతాంటే మేకు లాక్కుని తానే పొడిచింది. పైపును తొట్టి వెనక గాజు వెంబడి అడ్డంగా కట్టి, తూట్లు గాజు తట్టు తిప్పినాము. నీళ్లు గాజుకు తగిలి, పరుచుకుని, మెల్లగా కిందికి దిగినాయి. గేట్ వాల్వును ఊడదీసి పక్కన పెట్టేసినాను.

తర్వాత చిటికెడు మేత వేసి అది ఎట్లా తేలిపోతుందో చూడాలి. నీళ్లు ఆడని మూల ఉంటే మేత అక్కడ పోగవుతుంది. కుడి పక్క అడుగున పోగయింది. అటు తట్టు ఇంకొన్ని తూట్లు పొడిచినాము. ఈసారి మేత ఎక్కడా ఆగకుండా తొట్టంతా తిరిగింది.

ఇంక ఓబులమ్మ బెంగ మిగిలింది. దుమికే నీళ్లు కంటికి కనబడవు కదా, రేపు ఇంకేం తిప్పుతుందో! అందుకని సంపు మూత తీసి, పైనుంచి నీళ్లు దిగే పైపు కింద చెయ్యి పెట్టమన్నాను. పైపు నిండా దిగుతాండాయి. "యమ్మా, పోలేదు! అన్నీ ఈడే ఉండాయి!" అని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. కరువు మొదలైనాక నీళ్లను చూసి ఒక మనిషి అట్లా నవ్వడం నేను ఆ రోజే చూసినాను. అది చూసే భాగ్యం నా ఉద్యోగం వల్ల దక్కింది, అంతకంటే ఏం కావాలి?

మూడు నాలుగు రోజులకు ఎనిమోన్ విచ్చుకుంది. మొదట మగచేప పోయి దాని వేళ్లలో దూరింది. వెనకనే ఆడది పోయింది. మేత తినడం మొదలుపెట్టినాక దానికి ఒళ్లు కూడా వచ్చింది.

దసరా అయినాక కమిటీ వచ్చింది. ఒక మెంబరు తొట్టి తట్టు చూసి, నీళ్లు కదిలినట్టే లేవు, మోటారు ఆపినారా అని అడిగినాడు. నేను నోరు తెరిచేలోపల ఓబులమ్మే, "నడుస్తాండాది సార్. చేపకు ఎంత గావాల్నో అంతే తగులుతాండాది" అని, సంపు మూత తీసి చూపించింది. ఆయన వంగి చూసినాడు. రామసుబ్బయ్య గారు పక్కకు తిరిగి మీసాల్లో నవ్వుకున్నారు. తొట్టి ఉంచాలని, అటెండరును కొనసాగించాలని తీర్మానం రాసినారు. ఓబులమ్మ కూతురు ఆ ఏడు పది ఇక్కడే రాసి పాసయింది. తర్వాత నర్సు ట్రైనింగుకు పోయింది.

డెప్యుటేషన్ ముగిసి నేను మళ్లీ చెరువులకు వచ్చేసినాను. ఆ తొట్టి వల్ల నా పనిలో ఒక మార్పు వచ్చింది, రిటైరయ్యేదాకా నిలిచింది. నీటి పనిలో మోటారుకు, పైపుకు ఎంత లెక్క ఉందో, ఆ నీళ్ల పక్కన రోజూ నిలబడే మనిషికీ అంతే లెక్క ఉంది. అందుకని ఆమీద ఏ ఊరికి తనిఖీకి పోయినా సంచిలో కొలిచే సామాన్లు తర్వాత తీసేదాన్ని. ముందు గట్టు మీద కూర్చుని, "ఈడ నీళ్లు ఎప్పుడు పోయినాయప్పా?" అని అడిగేదాన్ని. ఆ రోజును గుర్తు చేసుకోవడానికి తడుముకున్న మనిషి ఈ జిల్లాలో నాకు ఒక్కరు కూడా కనబడలేదు.