మా గోత్రంలో యూసుఫ్

నా చిన్నప్పుడు మా ఊళ్ళో యుద్ధమంటే భలే సరదా. రాజోలు దగ్గర పంటకాలవ పక్కన ఉండే మా ఊరికీ, తుపాకులకీ ఏ సంబంధమూ లేదు. అందుకే కాబోలు అంత సరదా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిపడింది. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు నుంచి మా పెద్ద మావయ్య సెలూన్ బెంచీ దిగితే ఒట్టు. ఎవడి దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయో, ఎవడు ఎవణ్ణి ఎన్నాళ్ళలో వాయించేస్తాడో, క్రికెట్ మ్యాచి గురించి చెప్పినట్టు చెప్పేవాడు. చుట్టూ చేరినవాళ్ళు "ఆయ్, అంతేనండి" అని తలలూపేవారు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ కువైట్‌లోనే ఆయన సొంత చెల్లెలు చిక్కుకుపోయి ఉంది.

ఆవిడ మా పిన్ని, అమ్మకి చెల్లెలు. అక్కడ ఒకరింట్లో వంటా, పిల్లల పనీ చేసేది. యుద్ధం వచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి. ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. మా అమ్మమ్మ రోజూ పొద్దున్నే కాలవగట్టు వెంట నడిచి పోస్టాఫీసుకి వెళ్ళి, ఖాళీ చేతులతో తిరిగొచ్చేది. పోస్టాఫీసు సెలూన్‌కి ఎదురుగానే ఉంది. మా మావయ్య ఒక్కరోజు కూడా రోడ్డు దాటి అడగలేదు. బాగ్దాద్ ఎంత దూరమో చెప్పగలిగిన మనిషికి ఆ రోడ్డు దాటడం చేతకాలేదు.

పిల్లలం మేం మాత్రం తక్కువ తిన్నామా? కొబ్బరితోటలో రాలిన పిందెలు ఏరుకొచ్చి, రెండు జట్లయిపోయి కొట్టుకునేవాళ్ళం. నాది ఇరాక్ జట్టు. ఒకరోజు గురి చూసి పిందె విసిరి, "బాంబు పడింది, కువైట్‌లో అందరూ చచ్చేరు!" అని గెంతాను. అరుగు మీద కొబ్బరి ఈనెలు చీరుకుంటున్న అమ్మమ్మ చేతిలో కత్తి కింద పెట్టింది. నా రెక్క పట్టుకుని దగ్గరకి లాక్కుని, "అందరూ అంటే మీ పిన్ని కూడానా అమ్మా?" అని మాత్రం అడిగింది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆ తరవాత నేను పిందె ముట్టుకోలేదు.

ఆ వారమే అమ్మమ్మ గోదారి గట్టు మీది గుడికి వెళ్ళి, పిల్ల ప్రాణాలతో ఇల్లు చేరితే తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. పిన్నికి మోకాళ్ళ దాకా జుట్టు. నీ జుట్టే మొక్కుకోవచ్చు కదా అని నేనంటే, "నా పీచు ఏ దేవుడిక్కావాలే" అంది.

అక్టోబరులో పిన్ని వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ తప్ప ఏమీ లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. రెండు రోజులు నిద్రపోయి, మూడోనాడు అందరి ముందూ కూర్చుని చెప్పింది. వాళ్ళ యజమానులు వేసవి సెలవులకి వేరే దేశం వెళ్ళారట. ఇంట్లో మిగిలింది పిన్నీ, ఆ ఇంటి డ్రైవరూ. ఆయన పేరు యూసుఫ్. లాహోర్ పక్కన ఏదో పల్లెటూరట. ఇంట్లో ఉన్న బియ్యం రోజుకో పూట లెక్కన వండుకుని నెల రోజులు గడిపారు. మనవాళ్ళని తీసుకెళ్ళే బస్సులు ఊరవతల నుంచి బయలుదేరుతున్నాయని తెలిసి, యూసుఫ్ యజమాని వ్యానులో పిన్నినీ, చుట్టుపక్కల ఇళ్ళలో దాక్కున్న మరో నలుగురు ఆడవాళ్ళనీ ఎక్కించుకుని, దారిపొడుగునా సైనికులకి దండాలు పెడుతూ బస్సు దగ్గరికి తీసుకొచ్చాడు. ఉన్న మంచినీళ్ళ సీసాలన్నీ వాళ్ళ ఒళ్ళో పెట్టేశాడు. ఇంకో ఇంట్లో ఇద్దరు మలయాళం అమ్మాయిలున్నారు, వాళ్ళనీ తెస్తానని వ్యాను వెనక్కి తిప్పాడు. సాయంత్రం దాకా చూసి బస్సు కదిలింది. ఆయన రాలేదు.

వెళ్ళమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. జీతమిచ్చే యజమాని లేడు, హుకుం ఇచ్చే పై అధికారి లేడు. డ్యూటీ, కర్తవ్యం అని గొంతు పెంచి మాట్లాడేవాళ్ళని ఆ తరవాత చాలామందిని చూశాను. వాళ్ళలో వ్యాను వెనక్కి తిప్పేవాడు ఎవడా అని వెతుక్కుంటూ ఉంటాను.

పిన్ని కళ్ళు తుడుచుకుంటుంటే మా మావయ్య గొంతు సవరించుకున్నాడు. "పాకిస్తానోడా? వాడితో నెల రోజులు ఒక్క ఇంట్లో ఉన్నావా? నిన్నేం చెయ్యలేదు కదా?" అన్నాడు, ఇరుగూ పొరుగూ అంతా వింటుండగా. పిన్ని ఆయన మొహంలోకి చూసింది, లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళ దాన్ని, నాకు ఆ మాటకి అర్థం పూర్తిగా తెలీదు. అయినా ఆ క్షణం నుంచి ఆయనంటే అసహ్యం పుట్టింది. ఇన్నేళ్ళయినా దాచుకోవాలని అనిపించలేదు.

మొక్కు తీర్చాలని అమ్మమ్మ తొందరపెట్టింది. జుట్టిస్తాను గానీ యూసుఫ్ పేరు మీద పూజ చేయించాలంది పిన్ని. ఆయన బతికి ఉంటే క్షేమంగా ఇల్లు చేరాలని దేవుడి ముందు ఒక్కసారి ఆయన పేరు పలకాలి, అదొక్కటే తన కోరిక. అమ్మమ్మ మాత్రం దేవుడే నిన్ను కాపాడేడే అంది. "దేవుడు పంపింది ఆయన్నే కదమ్మా," అంది పిన్ని. "పంపినవాడికి దండం పెట్టి, వచ్చినవాణ్ణి ఎడార్లో వదిలేస్తామా?"

గుడి దగ్గర మంగలి కత్తి గీసిన చప్పుడు నాకింకా గుర్తే. అంత జుట్టూ తడిగడ్డి మోపులా కింద పడింది. గోదాట్లో మునిగొచ్చి, బోడితలకి గంధం రాసుకుని, పిన్ని గర్భగుడి ముందు నిలబడింది. పూజారిగారు గోత్రనామాలు అడిగారు. మా ఇంటివాళ్ళ పేర్లేమీ చెప్పకుండా, "యూసుఫ్ అండి" అంది.

పూజారిగారి చేతిలో పువ్వులు ఆగిపోయాయి. గోత్రం ఏమిటమ్మా అని మెల్లిగా అడిగారు. వెనక నుంచి మా మావయ్య ముందుకొచ్చాడు. "పాకిస్తానోడండి. దీనికి మతి చెడింది. మీరు కానివ్వండి, మా పేర్లు చెప్పండి" అన్నాడు. వరసలో వాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు. పిన్ని కదల్లేదు. బోడితలతో, అంతమంది మధ్య, ఆవిడ వైపు ఒక్కరూ లేరు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు అమ్మమ్మ మావయ్యని మోచేత్తో పక్కకి నెట్టింది. జీవితంలో మగవాళ్ళ ముందు గొంతెత్తని మనిషి. "బాబుగారూ, ఆ గోత్రం మాదేనండి. పైడిపాల. ఆయన నా చిన్న కొడుకండి. నా కూతుర్ని ప్రాణాలతో ఇంటికి పంపినవాడు నా కొడుకు కాకపోతే, బెంచీ మీద కూర్చుని యుద్ధం కబుర్లు చెప్పుకున్నవాడు నా కొడుకవుతాడాండీ? మీరు చదవండి," అంది.

పూజారిగారు "ఆయ్, అలాగేనమ్మా" అని దేవుడి వైపు తిరిగి, గుడంతా వినపడేట్టు చదివారు: పైడిపాల గోత్రోద్భవస్య, యూసుఫ్ నామధేయస్య. పిన్ని అప్పుడు ఏడ్చింది, ఇంటికొచ్చాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది. మా మావయ్య తీర్థం తీసుకోకుండా బయటికి వెళ్ళి చెప్పులేసుకున్నాడు.

జుట్టు మెడ దాకా పెరిగాక పిన్ని మళ్ళీ కువైట్ వెళ్ళింది. మా ఇళ్ళలో వెళ్ళక తప్పదు. వెళ్ళగానే పాత ఇంటికి పోయి అడిగిందట. ఆయన సంగతి ఎవరికీ తెలీదన్నారు.

తొమ్మిదేళ్ళకి కార్గిల్ వచ్చింది. అప్పటికి అమ్మమ్మ లేదు. సెలూన్‌లోకి టీవీ వచ్చింది, బెంచీ మీద మావయ్య మాత్రం అలాగే ఉన్నాడు. ఒక్కణ్ణీ వదలకూడదు, మొత్తం తుడిచిపెట్టెయ్యాలి అని అరిచేవాడు. ఆయన కొడుకుని సైన్యంలో చేర్చమని ఎవరైనా అంటే మాత్రం వాడికి దుమ్ము పడదండి అనేవాడు. ఆ వేసవిలో ఇంటిల్లిపాదీ అదే గుడికి వెళ్ళాం. మా ముందు వరసలో పక్క ఊరి సైనికుడి తల్లి ఉంది. ఆవిడ ఎవర్నీ తుడిచిపెట్టెయ్యమని అడగలేదు. కొడుకు పేరు చెప్పించుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది.

నా వంతు వచ్చింది. వెనక మావయ్య ఉన్నాడు. ఉన్నాడనే గొంతు పెంచాను. పైడిపాల గోత్రం, యూసుఫ్ అని చెప్పాను. కొత్త పూజారిగారు తలెత్తి, "ఎవరమ్మా?" అన్నారు.

"మా చిన్న మావయ్యండి," అన్నాను. "యుద్ధంలో తప్పిపోయేడు."

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. ఏ గుళ్ళో ఎవరడిగినా అదే జవాబు చెబుతాను, అంతే కోపంగా చెబుతాను. కార్గిల్ ఏడు గుళ్ళో మాత్రం వెనక్కి తిరిగి పెద్ద మావయ్య మొహం చూడలేదు. నాకు దేవుడి మొహమే కావలసి వచ్చింది. నా మనిషి ఎక్కడున్నాడో ఇప్పటికీ ఆ దేవుణ్ణే అడుగుతున్నాను.