ద్వాదశి పారణకు పరీక్ష నీళ్ళు

మా అమ్మ కడుపు క్యాన్సర్‌తో పోయింది. ఇప్పుడు ఆదోనిలో ఉన్న అక్క కూడా కడుపులో మంటంటూ రోజూ గ్యాస్ బిళ్ళ మింగుతోందని తెలిశాక నాకు నిలకడ లేకుండా పోయింది. ఎమ్మిగనూరులో ఒక డాక్టరు ఊపిరి ఊదించి, నెత్తురు చూసి, ఎవరి కడుపు మీద కన్నేసి ఉంచాలో చెబుతున్నాడని విని ప్రయాణం కట్టాను. వెళ్ళదలచినవారికి ఒక మాట. పరీక్షకు రెండు వారాల ముందే గ్యాస్ బిళ్ళ ఆపాలి, లేకపోతే కడుపులో క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది; అక్కచేత అలాగే మాన్పించాను. ఖాళీ కడుపుతో రావాలన్నారు కాబట్టి నా తెలివంతా ఉపయోగించి ఏకాదశి నాడు పెట్టుకున్నాను. అక్క ఎలాగూ ఆ రోజు ఏమీ తినదు కదా!

గుంతకల్లులో ఆరుంపావు రైలెక్కితే ఏడు దాటాక ఆదోనిలో దించింది. రైల్వేలో టికెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి, టైము రాసుకోకపోతే నాకు తోచదు. స్టేషను బయట ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు లాగించి అక్క ఇంటికి పోయాను. బావది పత్తి వ్యాపారం. పెద్ద ఇల్లే, అయినా వంటింటి అటక మీద అమ్మ ఊరగాయ జాడీ అలాగే ఉంది. దాని అంచు పగిలి ఏళ్ళయింది. అమ్మ ఇచ్చిన గరిటె, అమ్మ ఇచ్చిన చిరుగుల చీర, ఏదీ పారేయదు మా అక్క.

ఎనిమిదిన్నర బస్సులో అక్కకు సున్నా టికెట్టు, నాకు డబ్బుల టికెట్టు. "ఆడపుట్టుక పుట్టింటే నీకూ ఊరికే వచ్చేది గదరా," అని ఎగతాళి చేసింది. పక్క సీట్లో గోనెగండ్లకు పోతున్న కూలి ఆమె మా మాటల్లో మాట కలిపింది.

"పొద్దున్నే యాడికప్పా?"

"కడుపు పరీక్షకమ్మా."

"మా ఇంటాయన గూడా మంట మంట అంటాండాడు. బిళ్ళ ఏసుకుంటే పోతాదిలే అంటాడు."

"మా అమ్మా అట్లే అంటాండె," అంది అక్క మెల్లగా. ఆ తర్వాత ఎమ్మిగనూరు దాకా కొంగు అంచు మెలిపెడుతూ కూర్చుంది. అది భయమని నాకు తెలుసు, నాకూ అదే భయం.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రిలో నర్సు ఒక గ్లాసు తెచ్చింది. "ఇది తాగి అరగంట కూర్చోవాలమ్మా."

అక్క చేతులు వెనక్కి లాక్కుంది. "తాగల్లనా? ఏకాదశి పూట మంచినీళ్ళు గూడా ముట్టను నేను. ఏమిరా, ఖాళీ కడుపు సాలని గదా సెప్తివి?"

నాకు తల కొట్టేసినట్టయింది. నర్సు నా వైపు తిరిగి, "పోనీ మీరు తాగుతారా?" అంది.

"ఉగ్గాని తిన్నాను," అన్నాను. ఆ పిల్ల నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

"సూది పొడిస్తే ఏకాదశి పోదులే," అని అక్కే చేయి చాపి నెత్తురిచ్చింది. దాన్ని పెద్ద ల్యాబుకు పంపి, రేపు రమ్మన్నారు. పొద్దున్నే రావాలి కాబట్టి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ఆ రోజంతా అక్క గుటక నీళ్ళు తాగలేదు.

మర్నాడు ద్వాదశి. ఈసారి నేనూ ఖాళీ కడుపుతోనే, ఎనిమిదికల్లా ఆసుపత్రిలో ఉన్నాం. ముందు ఇద్దరిచేతా సంచుల్లోకి ఊదించి, తలో గ్లాసు చేతికిచ్చారు.

"దీంట్లో తులసాకు ఏసుకోవచ్చునా తల్లీ?"

"వద్దమ్మా, లెక్క తప్పుతుంది."

అక్క గోడ మీది దేవుడి పటానికి దణ్ణం పెట్టి తాగేసింది. అదే ఆమె పారణ. నేనూ నా గ్లాసు తాగాను, అరగంటకు ఇద్దరం మళ్ళీ సంచుల్లోకి ఊదాం.

ఫలితం వచ్చేలోపు డాక్టరు అంతా విడమరచి చెప్పాడు. మాంసాన్ని కరిగించే పులుపు కడుపులో ఊరుతుంటే, ఆ క్రిమి తన చుట్టూ ఉన్న పులుపును విరగ్గొట్టుకుంటూ ఏళ్ళ తరబడి అక్కడే కాపురం ఉంటుందట. తాగిన నీళ్ళలో కలిపిన యూరియాను అది విడగొడితే, అందులోంచి పుట్టిన గాలి నెత్తుట్లో కలిసి, ఊపిరిలో బయటికొస్తుందట. నెత్తురు చెప్పేది ఇంకో సంగతి. కడుపు గోడ పెప్సినోజెన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది, గోడ అరిగితే అది నెత్తుట్లో తగ్గుతుంది. ఇన్నేళ్ళు మోసుకు తిరిగిన ఈ కడుపు ఇంత వింతదని నాకు తెలియనే తెలియదు.

పదిన్నరకు ఫలితం వచ్చింది. క్రిమి ఇద్దరిలోనూ ఉంది. అక్క నెత్తుట్లో ఆ పదార్థం ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది.

"ఇది క్యాన్సర్ ఉందని చెప్పే పరీక్ష కాదమ్మా," అన్నాడు డాక్టరు. "క్రిమి ఉన్నవాళ్ళందరికీ ఆ జబ్బు రాదు. కానీ మీ కడుపు గోడ అరుగుతున్నట్టుంది, పైగా మీ అమ్మగారికి వచ్చింది. కర్నూలులో నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల ఒకసారి చూపించుకోండి. క్రిమిని మాత్రం ఇద్దరిలోనూ రెండు వారాల మందులతో ఇప్పుడే చంపేద్దాం."

"ఇది మాకు యాడ అంటుకున్యాది సార్?"

"కచ్చితంగా చెప్పలేం. ఎక్కువగా చిన్నప్పుడు, ఇంట్లోనే. తల్లి నోటి నుంచి కూడా రావచ్చు."

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒకే కంచం చుట్టూ కూర్చోబెట్టి అమ్మ మాకు ముద్దలు పెట్టేది. ఊరగాయ ముక్క కారమని ఏడిస్తే, ముందు తన నోట్లో వేసుకుని, కారమంతా చప్పరించి, చప్పబడిన ముక్కను మా నోట్లో పెట్టేది. ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తే.

పదకొండున్నర బస్సులో తిరుగు ప్రయాణం. అక్క మందుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు దుఃఖం, ఆశ్చర్యం రెండూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ పోయి ఇన్నేళ్ళయినా, ఆమె ప్రేమతో పాటు వచ్చిన ఆ ప్రాణి మాలో బతుకుతూనే ఉంది. అది అక్కడ ఉందని మా ఊపిరే సాక్ష్యం చెప్పింది. అక్క ఏడుస్తోందేమోనని భుజం మీద చెయ్యేశాను.

"కర్నూలికి ఎప్పుడు పోదామురా?" అంది ఇటు తిరిగి. కళ్ళు తడిగానే ఉన్నాయి. "ఈసారి ఏకాదశి నాడు పెట్టొద్దు."

"పెట్టనులే."

ఆదోని మిల్లుల పొగగొట్టాలు కనిపించాక అక్క పొట్లం విప్పి మొదటి మాత్ర చేతిలోకి తీసుకుంది.

"అమ్మ ఇచ్చినేది ఒక్కటీ పారేయలేదురా నేను. ఇదొక్కటి పారేస్తా."