ఒక గోగుకాడ ఎక్కువ

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో, తొమ్మిదో. దీపావళి సాయంత్రం నౌపడ స్టేషనులో బండి కోసం కూర్చున్నాను. ఇల్లు చేరేసరికి గోగుకాడల దివిటీలు వెలిగించి నేలకు కొట్టే వేళ దాటిపోతుందని నా ముఖం మాడిపోయింది. పక్కనే ఒక ముసలమ్మ, మనవల కోసం గోగుకాడల కట్ట పట్టుకుని కూర్చుంది.

"ఏటి బాబూ, అలగున్నావు?"

సంగతి చెప్పాను.

"బండి లేటయితే పండగ ఆగుతాదేటి?" అంటూ ఒక కాడ తీసి, కొసన కట్టిన నూనెగుడ్డ వెలిగించి నా చేతికిచ్చింది. "కొట్టు. పైనున్న మీ పెద్దోలికి దారి కనిపించాల."

ప్లాట్‌ఫారం మీద టపటపా కొట్టాను. నిప్పురవ్వలు ఎగిరాయి, జనం నవ్వారు. దివిటీ కొట్టాక చేసే ఆనవాయితీ ప్రకారం కుళాయి దగ్గర కాళ్లు కడిగించి, నా నోట్లో బెల్లంముక్క పెట్టింది.

"మీ మనవలకి తక్కువవదా?" అన్నాను.

"దారిలో ఎవులో ఒకలుంటారని ఒకటి ఎక్కువే కడతాను."

మా ఇంట్లో ఇప్పటికీ ఒకటి ఎక్కువే కడతాం. ఏ ఏడూ మిగల్లేదు.