రంగం నుంచి నడిచొచ్చిన మనిషి

రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. మా ఆయన అక్కడ బియ్యం మిల్లులో కూలీ. జపానువాళ్ళు బాంబులేశాక ఆయన ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆ ఎండాకాలం అనకాపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన పేపరు చదువుతూ, చైనా ఇప్పుడు మన పక్షమట, వాళ్ళ బాగోగులు మనమూ చూడాలట అని చెబుతున్నాడు.

"సైనా ఎక్కడ, అనకాపల్లెక్కడ? ఆల్లేటైపోతే మనకేటి మావా?" అన్నాడు బెల్లం బళ్ళు తోలే అతను. నేనూ నవ్వాను.

గోడవార కూర్చున్న మనిషి తలెత్తాడు. అతని కాళ్ళకు గోనె పీలికలు చుట్టి ఉన్నాయి.

"రంగంలో మేవూ అదే మాటన్నాం బావా. సైనాకెల్లే సరుకు ఓడల్లోంచి దించీవోలం. కూలి మనది, యుద్దం ఆల్లది అనుకున్నాం. ఆ సరుకాపడానికే జపానోడు మా మీదకొచ్చేడు. కొండలెక్కి దిగి నడిసొచ్చేను. నాతో బయల్దేరినోల్లు రాలేదు."

నా నవ్వు ఆగిపోయింది. కొంగున ఉన్న బెల్లం ముక్క అతని చేతిలో పెట్టి, మా ఆయన పేరూ, మిల్లు పేరూ చెప్పాను.

"ఎక్కడేనా సూసేవేటి అన్నా?"

మిల్లు పేరు వినగానే, నోటిదాకా వెళ్ళిన చెయ్యి దించేశాడు. ముక్కను రెండుగా విరిచి, ఒకటి నాకు తిరిగిచ్చాడు.

"ఇది మీ ఆయనకుంచమ్మా." నా ముఖం మాత్రం చూడలేదు.

దాన్ని పిడతలో వేసి ఉట్టి మీద పెట్టాను. ఆ ఏటి వానలకు నీరుకారిపోయింది.

పేపరు చదివేవాళ్ళెవరు కనిపించినా, చైనా సంగతేమిటని నేను అడగడం అప్పుడే మొదలైంది.