మనుషులు చెట్లలా కనిపించిన రోజులు

ప్రియ సహోదరీ సహోదరులారా, ఒక ఏడాది వానాకాలంలో వచ్చిన జ్వరం నన్ను విడిచిపోతూ నా రెండు కళ్ళ మీదా మంచు తెర వేసి పోయింది. భావనపాడులో మా గుమ్మం ముందే సముద్రం, అయినా నాకు హోరు మిగిలింది, నీలం పోయింది! చిన్నప్పుడు మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించి చేతికిచ్చిన బైబిలును ఒళ్ళో పెట్టుకుని, చదవలేక, కాగితాలను వేళ్ళతో నిమురుతూ కూర్చునేదాన్ని.

సంఘమంతా నాకోసం ఉపవాస ప్రార్థన చేసింది. ఒక ఆదివారం మందిరం కిటికీ దగ్గర వెలుగు కనిపించింది, ఆ వెలుగులో మనుషులు నీడల్లా కదిలారు, ఆ సంతోషంలో లేచి నిలబడి చూపు పూర్తిగా వచ్చేసిందని సాక్ష్యం చెప్పేశాను! సగమే అంటే నా విశ్వాసం తక్కువనుకుంటారని, ప్రభువుకే చిన్నతనమని భయం. ఆ మాట నిలబెట్టుకోవడానికి నరసన్నపేటలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళడం కూడా మానుకున్నాను.

మర్నాడు ఇసుకలో ఆరబోసిన నెత్తళ్ళ చేపలకు కాపలా కూర్చున్నాను. నల్లగా ఏవో కనిపిస్తే వల ముద్దలనుకున్నాను. ఇంతలో మా అత్త కేక.

“ఒసే కోడలా! కాకులు సేపలన్నీ మేసేస్తంటే సూస్తా కూకున్నావేటే?”

ఏడ్చేశాను, ఉన్నదంతా చెప్పేశాను. అత్త నా పక్కన చతికిలబడింది. ఆమెకు చదువు రాదు, విన్న వాక్యం మాత్రం మరవదు.

“ప్రభువు ముట్టినాక బైబిల్లో ఆ బేత్సయిదా ఊరి గుడ్డోడు ఏటన్నాడు? మనుసులు సెట్లలాగ నడుస్తన్నారన్నాడు. నీలాగ బొంకినాడేటి? ఆడు నిజం సెప్పినాడు, ప్రభువు మళ్ళీ సెయ్యేసినాడు, అప్పుడు అంతా తేటగా కనపడ్డాది. రెండోసారి సెయ్యేస్తే ఆయన పరువేటి పోనాదే?”

ఆ ఇసుకలోనే మోకరించాను. “ప్రభువా, సగమే కనిపిస్తోంది. దాచాను, క్షమించు. మళ్ళీ ముట్టు.” అంతే నా ప్రార్థన.

ఆ తర్వాతి ఆదివారం సంఘం ముందు అదే ఒప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు! అక్కలు నా తలపై చేతులుంచి ప్రార్థించి, వాళ్ళే నన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. చుక్కల మందు వేసుకుంటూ, ప్రార్థిస్తూ, కలలో నడిచినట్టు రోజులు గడిచాయి, సముద్రపు పోటు తగ్గినప్పుడు రాళ్ళు ఒక్కొక్కటే బయటపడినట్టు లోకం మెల్లగా నాకు తిరిగి వచ్చింది.

ఒక ఉదయం చేపలు బాగుచేస్తున్న అత్త ముఖం వైపు అలా చూస్తూ ఉండిపోయాను.

“ఏటే, కొత్తగా సూస్తన్నావు?”

“నీ సెంప మీద పొలుసున్నాదత్తా. మెరుస్తన్నాది.”

అత్త చేతిలో కత్తి కింద పెట్టేసి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. దేవునికే మహిమ!

సగం చూపుతో ఉన్న నా ప్రియులారా, బాగున్నామని ఆయనకు అబద్ధం చెప్పకండి. ఎంత కనిపిస్తే అంతే చెప్పండి. ఆయన చెయ్యి ఇంకా మీ దగ్గరే ఉంది.