మన గ్రామ వాస్తవ్యులు

కొడవలూరు దాటి సముద్రం వైపు పోతే ఉప్పుటేరుపాళెం వస్తుంది. ఆ ఊళ్లో ఎవరు పోయినా, ఇంటివాళ్ల ఏడుపు ఇంకా తగ్గకముందే షేక్ సిలార్‌కి కబురు వెళ్లాలి. ఆయన వైద్యుడూ కాదు, పురోహితుడూ కాదు. ఆయనకు ఒక పాత ఆటో, దాని నెత్తిన రెండు మైకు గొట్టాలు ఉన్నాయి, అంతే. కరెంటు తీస్తారన్నా, రేషన్ బియ్యం వచ్చాయన్నా, గేదెలకు టీకాలు వేస్తారన్నా, ముప్పై ఏళ్లుగా ఊరికి తెలిసింది ఆ గొట్టాల్లోంచే.

చావు కబురుకి మాత్రం సిలార్ దగ్గర ఒక వరస ఉండేది. "ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన గ్రామ వాస్తవ్యులు, పెద్దలు" అని ఎత్తుకుని, పేరు చెప్పి, కాస్త ఆగి, "ఈ రోజు ఉదయం" అనేవాడు. ఆ తర్వాతి మాట వీధిని బట్టి మారేది. రైతుల వీధివాళ్లు స్వర్గస్థులయ్యేవాళ్లు. చర్చి వీధివాళ్లు ప్రభువునందు నిద్రించేవాళ్లు. మసీదు వీధివాళ్లు అల్లా సన్నిధికి చేరేవాళ్లు. మొదలు మాత్రం అందరికీ ఒకటే. "మన గ్రామ వాస్తవ్యులు" అని చెవిన పడితే చాలు, ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నె దించేసి గడపలోకి వచ్చేవాళ్లు. సిలార్ చెప్పాడంటే అది జరిగినట్టే. ఆ నమ్మకం తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. దాన్ని చూసుకుని కాస్త మురిసేవాడు కూడా.

ఎన్నికలొస్తే అదే గొంతు అన్ని పార్టీలకూ పలికేది. పొద్దున "దుర్మార్గపు పాలన" అని తిట్టిన నోటితోనే సాయంత్రం "స్వర్ణయుగం" అని మెచ్చుకునేవాడు. ఊరు నవ్వుకునేది గానీ తప్పు పట్టేది కాదు. ఓట్లప్పుడు మైకులో వచ్చేదాన్ని ఎవరూ నమ్మరు కాబట్టి అది అబద్ధం కిందికి రాదని సిలార్ అభిప్రాయం. అందులో నాకైతే పెద్ద తప్పేమీ కనబడదు.

ఢిల్లీ పార్టీకి ఆ ఊళ్లో జెండా కట్టడానికి కర్ర దొరికేది గానీ పట్టుకోవడానికి మనిషి దొరికేవాడు కాదు. పోయిన ఎన్నికల ముందు పద్మనాభయ్య దొరికాడు. డెబ్బై దాటిన రైతు, రెండుసార్లు సర్పంచిగా చేసినవాడు. రాష్ట్రం పార్టీకి ఆ ఊళ్లో మొదటి జెండా కట్టింది ఆయనే. కాలువ చివరి పొలాలకు నీళ్లు రాక ఏళ్లు గడిచాయి. పైవాళ్లతో ఉంటేనే ఆ పని జరుగుతుందని ఎవరో చెబితే, ముసలాయన సరేనన్నాడు.

దాంతో పెంచల్ అలిగాడు. పాతికేళ్లు పద్మనాభయ్య వెంట తిరిగినవాడు, ఆయన ఇంట్లో కంచం ముందు కూర్చుని ఆయన భార్య మస్తానమ్మ చేత వడ్డించుకుని తిన్నవాడు. "నువ్వు ఆ కండువా కప్పుకుంటానంటే నీ గడప తొక్కను పెద్దాయనా" అన్నాడు. నలభై రోజులు తొక్కలేదు. కాలువ గట్టు మీద ఎదురైతే ఒకరు నీళ్లు చూసేవాళ్లు, ఒకరు ఆకాశం చూసేవాళ్లు.

చేరిక రోజు పొద్దున్నే ఢిల్లీ పార్టీ మండల అధ్యక్షుడు క్రాంతి కుమార్ ఒక కాగితం తెచ్చి సిలార్ చేతిలో పెట్టాడు. సిలార్ చదివి బుర్ర గోక్కున్నాడు.

"ఇదేం తెలుగు సార్? 'ప్రియ దేశవాసులారా, మీ గౌరవభరిత ఉపస్థితి' అంట. మా ఊళ్లో ఒక్కడికి అర్థమవదు."

"పైనుంచి వచ్చింది అట్టనే ఉంటది. పోనీ, నువ్వు రోజూ చెప్పేటట్టే చెప్పు. పెద్దాయన ఇయ్యాల పది గంటలకు మన పార్టీలో చేరతాడు, అందరూ రావాల. అంతే" అన్నాడు క్రాంతి కుమార్.

రోజూ చెప్పేటట్టే చెప్పమన్నాడు కదా, సిలార్ అలాగే ఎత్తుకున్నాడు. "ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన గ్రామ వాస్తవ్యులు, పెద్దలు శ్రీ పద్మనాభయ్య గారు..." కాస్త ఆగాడు. "ఈ రోజు ఉదయం..."

ముప్పై ఏళ్లుగా ఆ మాట తర్వాత ఏం రావాలో నోటికి తెలుసు. అది సిలార్‌ని అడగలేదు.

"...స్వర్గస్థులైనారు. కావున కార్యకర్తలు, అభిమానులు తప్పక విచ్చేసి విజయవంతం చేయవలసిందిగా కోరుతున్నాము."

ఒక వీధిలో కాదు, మూడు వీధుల్లో అదే మాట పలికాడు. ఆయన మనసంతా ఎదురుగా వస్తున్న గేదెల మంద మీద ఉంది. చర్చి దగ్గర దావీదు సైకిలు అడ్డం పెట్టి, "సిలారన్నా, ఇప్పుడే పెద్దాయన్ని చూసి వస్తుండా. గడ్డం గీయించుకుంటుండాడు. ఎప్పుడు పోయినాడు?" అని అడిగేదాకా ఆయనకు తెలియలేదు. ఆటో వెనక్కి తిప్పి నేరుగా పద్మనాభయ్య ఇంటికి తోలాడు.

అప్పటికే ఆ ఇంటి ముందు జనం గుమిగూడారు. అందరికంటే ముందు పెంచల్ వచ్చాడు. పొలంలోంచి పరిగెత్తుకొచ్చాడు, కాళ్లకు బురద, ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. "పెద్దాయనా" అని పెద్దగా ఏడుస్తూ గడప దాటాడు. వసారాలో పద్మనాభయ్య సగం గడ్డానికి సబ్బు నురగతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

పెంచల్ నిలబడిపోయాడు. భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"గడప తొక్కినావే" అన్నాడు పద్మనాభయ్య.

"చచ్చిపోయినావని తొక్కినా. బతికుంటే తొక్కను" అని పెంచల్ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. వాకిలి బయట రోడ్డు మీద నిలబడి రెండో చెప్పు కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది అక్కడ లేదని అతనికీ తెలుసు.

అప్పుడే క్రాంతి కుమార్ కారు దిగాడు. మొహం కందగడ్డలా ఉంది. సిలార్‌ని పక్కకు లాగి, గొంతు తగ్గించాడు గానీ అందరికీ వినబడింది.

"ఇప్పుడే మైకులో చెప్పు. అవతలి పార్టీవాళ్లు చెప్పమంటే చెప్పినానని చెప్పు. అదిగో, ఆ పెంచల్ పేరు చెప్పినా చాలు. లేదంటే మండలంలో ఇంక ఏ మీటింగుకీ నీ మైకు పెట్టనియ్యను."

మీటింగులు లేకపోతే ఆటో మీద గొట్టాలు తుప్పు పట్టాల్సిందే, ఆ సంగతి సిలార్‌కి తెలుసు.

"సార్, పొద్దున నేను చెప్పింది నోరు జారి చెప్పినా. మీరు చెప్పమనేది తెలిసి చెప్పేది. చావు కబురు చెప్పే మైకు సార్ ఇది. తెలిసి ఒక్క అబద్ధం చెప్పినానంటే, రేపు ఎవరు పోయినా ఊరు నమ్మదు."

"అబ్బో! ఓట్లప్పుడు నువ్వు చెప్పేవన్నీ నిజాలేనా?"

"అవి ఎవురూ నమ్మరు గదా సార్."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పద్మనాభయ్య మాత్రం నవ్వలేదు. నురగ తుడుచుకుని, "సిలారూ, ఇట్రా" అని పిలిచాడు. సిలార్ వెళ్లి కుర్చీ పక్కన కూర్చుని, "నన్ను తిట్టు పెద్దాయనా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తిట్టేదేముంది? నేను బతికుండానని చెప్పిరాపో. పెంచల్ పేరు ఎత్తబాక." ముసలాయన చూపు వాకిలి బయటికి పోయింది. "ఇంకో మాట. నిజంగా నేను పోయినప్పుడు నువ్వే చెప్పాల. పార్టీ గీర్టీ ఏదీ కలపబాక. ఇయ్యాల చెప్పినావే, 'మన గ్రామ వాస్తవ్యులు' అని, అట్ట చెప్తే చాలు."

సిలార్ సరేనన్నాడు. పద్మనాభయ్య గారు క్షేమంగా ఉన్నారని, తప్పు తన నోటిదేనని అన్ని వీధుల్లో చెప్పి వచ్చాడు. చేరిక మధ్యాహ్నం పన్నెండింటికి జరిగింది.

రెండు నెలలకు ఢిల్లీలో ఆ రెండు పార్టీలూ చేతులు కలిపాయి. టీవీలో పెద్దవాళ్లు శాలువాలు కప్పుకుంటుంటే ఇక్కడివాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. పద్మనాభయ్య, పెంచల్ ఒకే ప్రచారం జీపు ఎక్కాల్సి వచ్చింది. రెండు ఊళ్లు దాటేదాకా మాటల్లేవు. మూడో ఊళ్లో ముసలాయనకు దగ్గు వస్తే పెంచల్ నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. ఆ రాత్రికి మళ్లీ మస్తానమ్మ వడ్డించింది. కాలువ చివరికి నీళ్లు మాత్రం ఇంకా రాలేదు.

క్రాంతి కుమార్ అన్నంత పనీ చేశాడు. ఆ జీపు మీద రికార్డు చేసిన పాటలు మోగాయి, సిలార్‌ని ఎవరూ పిలవలేదు. చావు కబుర్లు మిగిలాయి. అవి కూడా మునుపటిలా లేవు. ఆటో కనబడితే టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు "సిలారన్నా, నిజంగానే పోయినాడా, లేక పార్టీ మారినాడా?" అనేవాళ్లు. సరదాకే అనేవాళ్లు. సిలార్‌కి అది ముల్లులా గుచ్చుకునేది. మైకు సెట్టు అమ్మేస్తానని భార్య దిల్షాద్‌తో చాలాసార్లు అన్నాడు. "పెద్దాయనకు మాటిచ్చినావు గదా, అదైనాక అమ్ము" అనేది ఆమె.

మొన్న కార్తీకంలో ఒక తెల్లవారుజామున మస్తానమ్మ కబురు పంపింది. సిలార్ వెళ్లి పద్మనాభయ్య పాదాలు తాకి, ఆటో ఎక్కాడు. కాగితం రాసుకోలేదు.

"ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన గ్రామ వాస్తవ్యులు, పెద్దలు శ్రీ పద్మనాభయ్య గారు... ఈ రోజు ఉదయం స్వర్గస్థులైనారు."

వీధి కదల్లేదు. ఒక్క గడపలోకీ ఎవరూ రాలేదు. ఎవరో లోపలినుంచి నవ్వారు. సిలార్ మళ్లీ చెప్పాడు.

తడ ఊరి ఫ్యాక్టరీలో పనిచేసే కూతుర్ని చూసి, పెంచల్ అప్పుడే బస్సు దిగి వస్తున్నాడు. ఆటో చూసి నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందన్నా, మళ్లీ జారిందా నోరు?"

సిలార్ మైకు స్విచ్ ఆపాడు. "లేదు పెంచలన్నా" అన్నాడు.

పెంచల్ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. చేతిలో సంచి కింద పెట్టాడు. ఆటోలో సిలార్ పక్కన ఎక్కి కూర్చుని, మైకు తీసుకుని, స్విచ్ తనే వేశాడు.

"నేను పెంచల్‌ని. సిలారన్న చెప్పేది నిజం. అందరూ రండి."

మైకు తిరిగి సిలార్ చేతికి ఇచ్చాడు. పక్క ఇంట్లో పొయ్యి మీది గిన్నె దించిన చప్పుడైంది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. సిలార్ గొంతు సవరించుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు.